నారా నగరంలో ఒక రోజు



ఈనాటి ప్రసంగంలో మనం జపాన్ దేశపు పాత రాజధాని ఒకటి చూసివద్దాం. ఆ ఊరి పేరు నారా. క్రీస్తుశకం 710 నుంచి 784 దాకా, మధ్యలో ఒక అయిదేళ్ళు మినహాయిస్తే, జపాన్ చక్రవర్తులు అక్కడినుంచే రాజ్యం చేశారు. ఆ తరువాత రాజధాని తరలిపోయి, 794లో క్యోటో నగరంలో స్థిరపడింది. రాజులూ కొలువులూ వెళ్ళిపోయినా నారాలోని పెద్ద ఆలయాలు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాయి. 1998లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

తోడెవరూ లేకుండా మీరొక్కరే వెళ్ళినా ఇబ్బంది పడని ఊరు అది. క్యోటోలో రైలెక్కితే సుమారు ముప్పావుగంట ప్రయాణం. చూడవలసిన ముఖ్యస్థలాలన్నీ ఊరికి తూర్పుగా, కొండల పాదాన ఉన్న ఒక పెద్ద ఉద్యానవనంలో, కాలినడకన తిరగగలిగేంత దూరంలో ఉంటాయి. పొద్దున్నే బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు తిరిగి రావచ్చు. నడిచేటప్పుడు ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి. ఇవన్నీ కర్రతో కట్టిన ఆలయాలు. భూకంపాలు తరచుగా వచ్చే దేశం. నిప్పంటుకుంటే క్షణాల్లో బూడిదయ్యే కట్టడాలు. ఇవి పన్నెండు వందల ఏళ్ళ తరువాత కూడా మనకెలా మిగిలాయి?

స్టేషనులో దిగి తూర్పుముఖంగా కాసేపు నడిస్తే మొదట వచ్చేది కోఫుకుజి బౌద్ధాలయం. ఫుజివారా అనే మహా ప్రభువంశం వారి కులదేవాలయం అని చెప్పవచ్చు. అక్కడ అయిదంతస్తుల పగోడా ఉంది. ఎత్తు 50 మీటర్లు. దీన్ని 730లో కోమ్యో పట్టమహిషి కట్టించింది. ఆ తరువాత అది అయిదుసార్లు కాలిపోయింది. ఇప్పుడున్నది 1426లో నిలబెట్టినది. 2023లో దానికి పెద్ద ఎత్తున మరమ్మతులు మొదలయ్యాయి కనుక కొన్నేళ్ళపాటు అది పరంజాల చాటునే ఉంటుంది. పక్కనే ఉన్న ప్రధానమందిరం ఏడుసార్లు కాలింది. చివరిసారి 1717లో కాలితే, పూర్వపు కొలతలతో మళ్ళీ లేచింది 2018లో. అంటే మూడువందల ఏళ్ళు ఆ పని బాకీగా ఉండిపోయిందన్నమాట. స్తంభాలకు కావలసినంత పెద్ద మానులు జపాన్‌లో దొరక్క, ఆఫ్రికా ఖండంలోని కామెరూన్ దేశంనుంచి కలప తెప్పించారు.

ఈ ఆలయపు ప్రదర్శనశాలలో ఒక విగ్రహం ముందు మీరు తప్పక ఆగిపోతారు. మూడు ముఖాలు, ఆరు చేతులు, సన్నని శరీరం, కనుబొమలు కొద్దిగా ముడిచిన పసివాడి మొహం. 734లో చేసిన విగ్రహం. దాని పేరు ‘అషురా’. పేరు వినగానే తెలిసిపోయింది కదూ, మన అసురుడే. దేవతలతో తగవుపడిన అసురుడు బుద్ధుని ధర్మం విని మనసు మార్చుకుని, ధర్మానికి కాపలాదారు అయ్యాడని బౌద్ధుల కథ. మన పురాణాల్లో కోరలతో కనిపించేవాడు అక్కడ పశ్చాత్తాపం తెలిసిన కుర్రవాడిలా కనిపిస్తాడు. ఈ విగ్రహం రాయీ కాదు, లోహమూ కాదు. మట్టి అచ్చుమీద నారబట్టను లక్క చెట్టు పాలతో పొరలు పొరలుగా అంటించి, ఆరాక లోపలి మట్టి తీసేస్తారు. లోపల డొల్ల. అంత తేలిక కాబట్టే మందిరాలు అంటుకున్నప్పుడల్లా దాన్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తగలిగారు.

కోఫుకుజి చుట్టూ మీకు ప్రాకారం కనిపించదు. దానికి కారణం అగ్నిప్రమాదం కాదు, ఒక ప్రభుత్వ నిర్ణయం. అంతకుముందు వెయ్యేళ్ళుగా జపాన్‌లో బుద్ధుణ్ణీ, షింటో మతానికి చెందిన స్థానిక దేవతలనూ కలిపి కొలిచేవారు. 1868లో కొత్త ప్రభుత్వం ఈ రెంటినీ విడదీయమని ఉత్తరువు చేసింది. కోఫుకుజి భిక్షువులు పక్కనున్న షింటో గుడిలో పూజారులుగా మారిపోయారు. ఆలయం దిక్కులేనిదై పోయింది. గోడలు పడగొట్టారు. అయిదంతస్తుల పగోడాను లోహపు సామాను కోసం కారుచవకగా అమ్మజూపారని, కొన్నవాడు దాన్ని తగలబెట్టి ఇనుమూ కంచూ ఏరుకుందామనుకుంటే, మంటలు తమ ఇళ్ళకు పాకుతాయని ఇరుగుపొరుగువారు అడ్డుపడ్డారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1880లో ఆ గుడి ఆవరణనే ప్రజల ఉద్యానవనంగా ప్రకటించారు. నారా పార్కు పుట్టుక అదీ. మీరు పచ్చికమీద కూర్చుని సేదతీరే చోటు ఒకప్పటి గుడి ప్రాంగణమని గుర్తుంచుకోండి.

ఆ పచ్చికమీద మీకు జింకలు ఎదురవుతాయి. ఒకటీ రెండూ కాదు, వెయ్యికి పైగా ఉన్నాయి. వాటికి కంచె లేదు, కట్టు లేదు. దుకాణాల్లో వాటికోసమే తవుడూ పిండీ కలిపి చేసిన పలుచని అప్పచ్చులు అమ్ముతారు. కొని చేతిలో పట్టుకుంటే తల వంచి నమస్కారం పెడతాయి. ఆలస్యం చేస్తే మాత్రం చొక్కా అంచు పట్టి లాగుతాయి. మనకు బుద్ధుడు తొలిసారి ధర్మం బోధించిన సారనాథ్ జింకలవనం గుర్తుకు రావడం సహజం. కానీ ఇక్కడి జింకల కథ వేరు. కాసుగా గుడి దేవతల్లో ఒకాయన దూరాన ఉన్న కాషిమా నుంచి తెల్లజింక నెక్కి వచ్చాడని స్థలపురాణం. అందుచేత ఇవి దేవుడి వాహనాలు. పూర్వం వీటిని చంపినవారికి మరణదండన విధించేవారు. రెండో ప్రపంచయుద్ధం నాటి ఆకలిలో ఆ భయభక్తులు నిలవలేదు. 1945లో లెక్కిస్తే మిగిలినవి 79. మళ్ళీ కాపాడుకుంటూ వచ్చారు. 1957లో వీటిని జాతీయ సహజసంపదగా ప్రకటించారు. మగజింకల కొమ్ములవల్ల జనానికి అపాయం లేకుండా శరత్కాలంలో కొమ్ములు కోసే ఆచారం 1672లో మొదలైంది, ఇప్పటికీ జరుగుతోంది.

జింకల మధ్యనుంచి తూర్పుగా చెట్లనీడన నడిస్తే కాసుగా గుడి వస్తుంది. దీన్ని 768లో ఫుజివారా వంశంవారే స్థాపించారు. దారికి రెండు పక్కలా నాచుపట్టిన రాతి దీపస్తంభాలు వరుసలుగా నిలబడి ఉంటాయి. లోపల సింధూరవర్ణపు మండపాల చూరులకు కంచు లాంతర్లు వేలాడుతుంటాయి. అన్నీ కలిపి సుమారు మూడువేలు. రాజులూ సేనానులూ ఇచ్చినవి కొన్ని, వర్తకులూ సామాన్యులూ మొక్కు చెల్లించినవి మరెన్నో. ఇచ్చినవారి పేర్లు వాటిమీద చెక్కి ఉంటాయి. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో రెండు రాత్రులు వీటన్నిటినీ వెలిగిస్తారు. మన కార్తీక దీపాలు చూసిన కళ్ళకు ఆ దృశ్యం కొత్తగా తోచదు.

ఈ గుడిని కొత్తగా ఉంచడానికి వారికొక పద్ధతి ఉంది. ఇరవై ఏళ్ళకొకసారి పైకప్పు మార్చి, రంగులు వేసి, దేవుడి సామగ్రిని మళ్ళీ చేయిస్తారు. 2015, 2016 సంవత్సరాల్లో జరిగినది అరవయ్యో పర్యాయం. ఇరవై ఏళ్ళ గడువు ఎందుకో ఆలోచించండి. ఒకసారి చేతికింద పనివాడిగా ఉన్న కుర్రవాడు తరువాతిసారికి మేస్త్రీ అవుతాడు. ఆ తరువాతిసారికి కూర్చుని చెప్పే పెద్దవాడవుతాడు. పనితనం చెయ్యి మారకుండా పోదు. గుడి వెనుకనున్న కొండ అడవిలో వేటనూ చెట్లు నరకడాన్నీ 841లోనే నిషేధించారు. ఊరి పక్కనే అంతటి ఆదిమ అరణ్యం నేటికీ నిలిచి ఉంది.

అక్కడినుంచి ఉత్తరంగా వకాకుసా కొండ పాదం వెంట నడిచి, దక్షిణ మహాద్వారం వైపు దిగిరండి. అది తోదాయిజి, అంటే తూర్పు మహావిహారం. ద్వారానికి రెండు వైపులా 8 మీటర్లకు మించిన కొయ్య ద్వారపాలకులు. ఉన్‌కేయి, కైకేయి అనే శిల్పులు తమ బృందాలతో 1203లో వాటిని 69 రోజుల్లో పూర్తిచేశారు. లోపల మహామందిరంలో కొలువుతీరినవాడు సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచుబుద్ధుడు, వైరోచనుడు.

ఈ విగ్రహం ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. 735 నుంచి 737 వరకు జపాన్‌ను మశూచి తుడిచిపెట్టింది. ఫుజివారా అన్నదమ్ములు నలుగురూ, మంత్రిపదవుల్లో ఉన్నవారు, ఒకే ఏడు పోయారు. కరువు వచ్చింది. 740లో తిరుగుబాటు జరిగింది. చక్రవర్తి షోము దిక్కుతోచక బుద్ధుణ్ణి ఆశ్రయించాడు. 743లో మహావిగ్రహం పోత పోయిస్తానని శాసనం చేశాడు. ఆ శాసనంలో ఒక మాట గమనించదగ్గది. ఎవరైనా గడ్డిపోచ ఒకటి, పిడికెడు మన్ను తెచ్చి ఈ పనికి తోడ్పడతానంటే వారిని రానివ్వండి అన్నాడు. ఈ పేరు చెప్పి జనాన్ని పీడించవద్దని అధికారులను హెచ్చరించాడు. ఊరూరా తిరిగి చందాలు పోగుచేసే బాధ్యత గ్యోకి అనే భిక్షువుకు అప్పజెప్పాడు. ఈ గ్యోకి వంతెనలు కట్టించి, చెరువులు తవ్వించి ప్రజల మనసు గెలుచుకున్నవాడు. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని ఒకప్పుడు ఇదే ప్రభుత్వం అతన్ని నిందించింది.

749 నాటికి పోత పూర్తయింది. ఇక కళ్ళు తెరిపించాలి. మన శిల్పశాస్త్రంలో నేత్రోన్మీలనం అంటామే, ఆ సంస్కారమే. 752లో, పదివేల మంది భిక్షువుల ఎదుట, పరంజా ఎక్కి కలం పట్టి ఆ కనుపాపలు దిద్దినవాడు జపాను దేశస్థుడు కాడు. దక్షిణ భారతదేశంనుంచి వెళ్ళిన బోధిసేనుడు. ఆయన చైనాకు వెళ్ళి, అక్కడికి వచ్చిన జపాన్ రాయబారుల ఆహ్వానంపై 736లో నానివా రేవులో దిగాడు. ఇప్పటి ఒసాకా అన్నమాట. గ్యోకి ఎదురువెళ్ళి స్వాగతం చెప్పాడని, ఇద్దరూ చిరకాల మిత్రుల్లా పలకరించుకున్నారని ఐతిహ్యం. అప్పటికి సింహాసనం విడిచిన షోము అస్వస్థుడై ఉండటంవల్ల కళ్ళు దిద్దే భాగ్యం ఈయనకు దక్కింది. కలానికి పొడవాటి నీలి పట్టుతాడు కట్టారు. కింద నిలుచున్నవారు ఆ తాడు పట్టుకున్నారు. పైన గీత గీసింది ఒక్కరే అయినా చేయి వేసినవారు ఎందరో. బోధిసేనుడు తిరిగి రాలేదు. 760లో అక్కడే కన్నుమూశాడు. నారాకు పడమటగా ఉన్న ర్యోసెంజి ఆలయంలో ఆయన సమాధి ఉంది.

ఆంధ్రదేశానికి ఈ మందిరంతో ఉన్న సంబంధం మరొకటి చెబుతాను. తోదాయిజి అవతంసక సూత్రాన్ని అనుసరించే కెగోన్ శాఖకు మూలపీఠం. ఆ సూత్రంలో చివరి భాగం గండవ్యూహం. అందులో సుధనుడనే యువకుడు సత్యం కోసం ఒంటరిగా బయలుదేరి, ఒకరి తరువాత ఒకరుగా 53 మంది గురువులను దర్శిస్తాడు. వారిలో నావికుడున్నాడు, సుగంధద్రవ్యాలమ్మే వర్తకుడున్నాడు, వేశ్య కూడా ఉంది. సుధనుడి యాత్ర మొదలయ్యే దక్షిణాది నగరం ధాన్యాకరం మన అమరావతీ తీరపు ధాన్యకటకమేనని పలువురు పండితుల అభిప్రాయం. అలాగే శ్రీపర్వతంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుణ్ణి జపానీయులు ‘ర్యూజు’ అంటారు. ఎనిమిది శాఖలకు మూలపురుషుడని కొలుస్తారు.

మీరు చూస్తున్న విగ్రహంలో 8వ శతాబ్దినాటి భాగం ఎంత? పీఠంలోనూ ఒడి ప్రాంతంలోనూ కొంత. 855లో భూకంపానికి తల రాలిపోతే అతికించారు. 1180లో అంతర్యుద్ధంలో సైనికులు నిప్పుపెట్టగా మందిరం కాలిపోయింది. అరవయ్యేళ్ళ వయసులో చోగెన్ అనే భిక్షువు చందాల పని నెత్తినెత్తుకుని ఊరూరా తిరిగాడు. అడవులనుంచి మానులు నదిమీద తేలించి తెప్పించాడు. 1195లో మందిరం నిలబెట్టాడు. 1567లో మరో యుద్ధంలో మళ్ళీ కాలింది. తాత్కాలికంగా వేసిన కప్పు 1610లో గాలివానకు ఎగిరిపోయింది. ఆ తరువాత దాదాపు నూరేళ్ళు బుద్ధుడు ఎండకు ఎండి వానకు తడిశాడు. కోకేయి అనే భిక్షువు 1684లో మళ్ళీ జోలె పట్టాడు. విగ్రహం బాగుచేయించి 1692లో తిరిగి నేత్రోన్మీలనం జరిపించాడు గానీ, మందిరం పూర్తయిన 1709 నాటికి ఆయన లేడు. డబ్బు చాలక, తొలినాటి 86 మీటర్ల వెడల్పును 57కు తగ్గించవలసి వచ్చింది. అయినా ప్రపంచంలోని కర్రకట్టడాల్లో అతిపెద్దవాటిలో అది ఒకటి.

మందిరం బయట ఒక వృద్ధుడి కొయ్యవిగ్రహం కూర్చుని ఉంటుంది. పేరు బింజురు. బుద్ధుని శిష్యుడు పిండోల భారద్వాజుడే ఆయన. నొప్పి ఉన్నచోట విగ్రహాన్ని తాకి, తమ ఒంటిమీద అక్కడే రాసుకుంటే నయమవుతుందని జనం నమ్మకం.

వెనుకవైపు షోసోయిన్ అనే పాత భాండాగారం ఉంది. షోము మరణానంతరం 756లో పట్టమహిషి కోమ్యో ఆయన వస్తువులను బుద్ధుడికి సమర్పించింది. సుమారు తొమ్మిదివేల వస్తువులు భద్రంగా ఉన్నాయి. ప్రతి శరత్కాలంలో కొన్నిటిని నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. ఆమె సమర్పించిన అరవై మందుల జాబితాలో మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయలు ఉన్నాయి. మన అమ్మమ్మల పోపులపెట్టెలోని సరుకులే! బోధిసేనుడు పట్టుకున్న కలమూ, ఆ నీలి తాడూ అక్కడే ఉన్నాయి. 1185లో విగ్రహం బాగయ్యాక, మాజీ చక్రవర్తి గోషిరకావా అదే కలం బయటికి తీయించి మళ్ళీ కళ్ళు దిద్దాడు.

ఇక సాయంకాలమవుతుంది. మెట్లదారిన కొండమీది నిగాత్సుదో మందిరానికి ఎక్కండి. ఆ వసారాలో నిలబడితే నారా ఊరంతా, పడమట కుంగే సూర్యుడూ కనిపిస్తారు. ఈ మందిరంలో ఏటా మార్చి 1 నుంచి 14 దాకా 11 మంది భిక్షువులు లోకం పక్షాన క్షమాపణ వేడుకునే వ్రతం చేస్తారు. రాత్రిళ్ళు పెద్దపెద్ద కాగడాలు పట్టుకుని ఈ వసారాలో పరుగెత్తుతారు. రాలే నిప్పురవ్వల కోసం కింద జనం ఎదురుచూస్తారు. 752లో మొదలైన ఈ వ్రతం ఒక్క ఏడూ తప్పలేదు. 1180లో మహామందిరం కాలిన మరుసటి ఏడూ చేశారు. 1667లో వ్రతం నడుస్తుండగా ఈ మందిరమే కాలిపోతే, పక్క మందిరానికి వెళ్ళి పూర్తిచేశారు.

ఆ రాత్రుల్లో రెండు రాత్రులు, 5నా 12నా, ఒక పెద్ద జాబితా గొంతెత్తి చదువుతారు. ఆలయానికి మేలుచేసి గతించినవారి పేర్లు అవి. షోము చక్రవర్తితో మొదలవుతుంది. గ్యోకి పేరు వస్తుంది. నేత్రోన్మీలనం చేసిన భారతీయ ఆచార్యుడు బోధిసేనుడి పేరు వస్తుంది. పోతపోసిన కంచరివారి పేర్లు, వడ్రంగుల పేర్లు వస్తాయి. ఆ తరువాత పేర్లు దొరకనివారి లెక్క చదువుతారు. కలప ఇచ్చినవారు 51,590 మంది. బంగారం ఇచ్చినవారు 3,72,075 మంది. స్వచ్ఛందంగా శ్రమ చేసినవారు 16,65,071 మంది. కూలీలు 5,14,902 మంది. మొత్తం 26 లక్షలు దాటిన ఆ సంఖ్యను ఒక్క మనిషి కూడా తగ్గకుండా చదువుతారు.

ఆ జాబితాలో ఒకచోట గొంతు తగ్గించి ‘నీలివస్త్రాల స్త్రీ’ అని చదువుతారు. 13వ శతాబ్ది మొదట్లో ఒక భిక్షువు చదువుతుండగా నీలివస్త్రాల స్త్రీ ఒకతె ప్రత్యక్షమై, “నా పేరెందుకు వదిలేశావు?” అని అడిగిందట. ఆమె ఎవరో తెలియక, చూసిన గుర్తునే పేరుగా మెల్లగా పలికాడట. అప్పటినుంచీ ఆమె ఆ పట్టీలో ఉంది.

ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటాను. నారాలో కాలని కట్టడాలు కొద్ది. కాలిన ప్రతిసారీ జోలె పట్టినవాడొకడు లేచాడు. వాడికి గడ్డిపోచ ఇచ్చిన చేతులు లక్షలున్నాయి. ఆ చేతులను మరవకుండా ఏటేటా చదివిన గొంతులున్నాయి. మరో దేశంనుంచి వెళ్ళి, పరాయిభాష మాట్లాడినవాడి పేరు కూడా ఆ గొంతుల్లో బతికే ఉంది.

శ్రోతలారా, హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, యానాంలో ఎన్నో తరాలుగా స్థిరపడిన మన తెలుగువారి ఊళ్ళలోనూ ఒక గుడి ఉంటుంది, ఒక చెరువు ఉంటుంది, ఒక బడి ఉంటుంది. వాటిని నిలబెట్టినవారి పేర్లు కొన్ని రాతిమీద ఉండవచ్చు. ఎక్కువభాగం పెద్దవారి నోళ్ళలోనే ఉన్నాయి. వచ్చే ఊరి జాతరకు ముందు ఒక సాయంత్రం పెద్దలను కూర్చోబెట్టి అడగండి. రాళ్ళు మోసినవారి పేర్లు, మట్టి తట్టలు ఎత్తిన ఆడవారి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేరు తెలియకపోతే గుర్తు రాయండి. జాతరరోజున మైకు ముందు ఎలాగూ ఈ ఏటి దాతల పేర్లు చదువుతారు. వారికంటే ముందు, వెనుకటివారి పేర్లు కూడా ఒకసారి చదివించండి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక పావుగంట పడుతుంది.